ఖాళీ అంటే సున్నా కాదు



ఈసారి గోడపత్రికకు ఏదో ఒకటి రాయమని పత్రిక అక్క వారం రోజుల నుండి నా వెంట పడుతోంది. నాకు కవితలు రావు. కథలు మా అవ్వ చెబుతుంది గాని నాకు రాయడం రాదు. అందుకని కంప్యూటర్ గదిలో మేము నేర్చుకున్న పాఠం గురించి రాస్తున్నాను. పాఠం అనగానే చదవకుండా భోజనానికి వెళ్లిపోకండి. ఇందులో దుప్పట్ల సంగతి కూడా ఉంది.

ముందు నా గురించి రెండు మాటలు. మాది పరిటాల దగ్గర. పెద్దరోడ్డు మీద బస్సులో పోతుంటే ఆంజనేయస్వామి విగ్రహం దూరం నుంచే కనపడుతుంది. 135 అడుగులు, 2003లో పెట్టారు. ఆ విగ్రహం కనపడిందంటే నాకు ఇల్లు వచ్చేసినట్టే. మేము యానాదులం. మా నాయన చెరువులో చేపలు పడతాడు, పొలాల్లో ఎలుకలు పడతాడు. మా అమ్మ మిరపకోతలకి, పత్తితీతకి పోతుంది. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదటిదాన్ని. అమ్మకి సంతకం రాదు, వేలిముద్ర వేస్తుంది.

సంతకం రాకపోయినా అమ్మకి లెక్క వచ్చు. కోతలకి పోయిన రోజుకి ఒక గీత చొప్పున బొగ్గుతో గోడ మీద గీస్తుంది. ఒక ఏడు డబ్బులిచ్చే రోజున మేస్త్రి పుస్తకం తీసి 18 రోజులు అన్నాడు. మా గోడ మీద 21 గీతలున్నాయి. "గోడ మీద గీసింది చెల్లదు, పుస్తకంలో ఉన్నదే లెక్క" అన్నాడు. అమ్మ మాట్లాడకుండా 18 రోజుల డబ్బులు తెచ్చుకుంది. అప్పటినుండి నా మనసులో ఒకటి నాటుకుపోయింది. పుస్తకంలో ఉన్నదే నిజం, మనం చెప్పేది తప్పు అని.

పోయిన డిసెంబరులో మన హాస్టల్లో దుప్పట్లు పంచినప్పుడు జాబితా చూసి పేర్లు పిలిచారు. నా పేరు రాలేదు. అడిగితే జాబితాలో లేదన్నారు. అచ్చులో లేదంటే లేనట్టే అనుకుని ఊరుకున్నాను. ఆ చలికాలమంతా నా స్నేహితురాలి దుప్పట్లో సగం నాది. అది రాత్రి నిద్రలో లాక్కుంటుంది, నేను మళ్లీ లాక్కుంటాను. ఇది మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది.

ఇక పాఠం. సంక్రాంతి సెలవుల తర్వాత కంప్యూటర్ సార్ డేటాబేస్ మొదలుపెట్టారు. డేటాబేస్ అంటే భయపడక్కర్లేదు. మన హాజరు పట్టీ చూశారు కదా. అడ్డంగా ఒక్కొక్క పిల్లకి ఒక వరుస. నిలువుగా నంబరు, పేరు, ఊరు, ఇలా గళ్లు. దాన్నే టేబుల్ అంటారు. ఇలాంటి టేబుళ్లు నాలుగైదు పెట్టుకుని, ఒకదానికి ఇంకొకదాన్ని ఒక నంబరుతో జతపరిస్తే అది రిలేషనల్ డేటాబేస్. ఈ పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అనే ఆయన రాసి చూపించారు. ఆయన ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేశారు. ఆ టేబుళ్లని ప్రశ్నలడిగే భాష పేరు ఎస్‌క్యూఎల్. మేము నేర్చుకునే దాన్ని మైఎస్‌క్యూఎల్ అంటారు. అందులో "మై" అనేది దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒకాయన కూతురి పేరట. ఒక నాయన కూతురి పేరు అలా పెట్టుకున్నాడని తెలిసి మా క్లాసులో ఆడపిల్లలందరం చప్పట్లు కొట్టాం.

సార్ మన హాస్టలు జాబితాకి నకలు ఒకటి తీసి మాకిచ్చారు. 64 మంది. నకలు కాబట్టి ఏం పాడుచేసినా ఫరవాలేదన్నారు. మేము బాగానే పాడుచేశాం.

ఆ భాషలో ఫంక్షన్లు అని ముందే తయారుచేసి పెట్టినవి ఉంటాయి. పిండిమర లాంటివి. ఇటు బియ్యం పోస్తే అటు పిండి వస్తుంది. లోపల చక్రం ఎలా తిరుగుతుందో మనకి తెలియనక్కరలేదు. కౌంట్ అంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. సమ్ అంటే కూడుతుంది. ఏవీజీ అంటే సగటు తీస్తుంది. మిన్ చిన్నది, మాక్స్ పెద్దది చెబుతాయి. రౌండ్ అంటే చుక్క తర్వాత అంకెలు తగ్గిస్తుంది. అప్పర్ అంటే ఇంగ్లీషు అక్షరాలన్నీ పెద్దవి చేస్తుంది. ట్రిమ్ అంటే పేరుకి ముందూ వెనకా ఉన్న ఖాళీ జాగా కత్తిరిస్తుంది.

లెంగ్త్ అనే ఫంక్షను మాత్రం మాతో బాగా ఆడుకుంది. నేను మా ఊరి పేరు తెలుగులో కొట్టి పొడుగు ఎంత అని అడిగాను. ప, రి, టా, ల. ఒకటో తరగతి పిల్లనడిగినా నాలుగక్షరాలు అంటుంది. కంప్యూటర్ 18 అంది! అందరూ నవ్వారు. అప్పుడు సార్ చెప్పారు. లెంగ్త్ అక్షరాలు లెక్కపెట్టదు, వాటిని దాచడానికి పట్టే బైట్లు లెక్కపెడుతుంది. తెలుగులో ఒక్కొక్క గుర్తుకి మూడు బైట్లు. అక్షరాలు కావాలంటే క్యార్ లెంగ్త్ అని అడగాలి. అలా అడిగితే 6 అంది. ఎందుకంటే గుడిని, దీర్ఘాన్ని కూడా వేరేవేరేగా లెక్కపెట్టింది. ప, ర, గుడి, ట, దీర్ఘం, ల. మొత్తం ఆరు. ఆరు మూళ్లు పద్దెనిమిది. లెక్క సరిపోయింది. కంప్యూటర్ తప్పు చెప్పలేదు. నేనడిగింది ఒకటి, నాకు కావలసింది ఇంకొకటి.

ఇక తప్పుల సంగతి. తప్పులు రెండు రకాలు అని నాకు అర్థమైంది. అరిచే తప్పులు, అరవని తప్పులు.

అరిచే తప్పు చేస్తే కంప్యూటర్ వెంటనే ఎర్రర్ అని నంబరుతో సహా చెబుతుంది. మొదటి వారమంతా మాకు ఇవే. మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

1) టేబుల్ పేరు తప్పు కొడితే 1146 వస్తుంది. అలాంటి టేబుల్ లేదు అని అర్థం. స్పెల్లింగు చూసుకోవాలి.

2) ఊరి పేరుకి అటూ ఇటూ కొటేషను గుర్తులు పెట్టకపోతే 1054 వస్తుంది. పరిటాల అనేది ఊరి పేరని దానికి తెలియదు, గడి పేరనుకుని వెతుకుతుంది.

3) కౌంట్ అని కొట్టి, జాగా వదిలి, తర్వాత బ్రాకెట్లో నక్షత్రం గుర్తు పెడితే 1064 వస్తుంది. ఫంక్షను పేరుకి బ్రాకెట్ ఆనుకుని ఉండాలి. ఈ ఒక్కదానికి నాకు అరగంట పట్టింది.

4) ఒకే అడ్మిషన్ నంబరు ఇద్దరికి ఇస్తే 1062 వస్తుంది. ఆ నంబరుని ప్రైమరీ కీ అంటారు. ఒక నంబరుకి ఒక మనిషే.

5) చివర సెమికోలన్ పెట్టకపోతే ఎర్రర్ కూడా రాదు, ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మనమూ ఎదురుచూస్తూ కూర్చుంటాం. ఒకరోజు నేనూ కంప్యూటరూ ఒకళ్లనొకళ్లం పది నిమిషాలు చూసుకున్నాం.

ఈ ఎర్రర్లు చూసి మొదట్లో ఏడుపొచ్చేది. సార్ ఏమన్నారంటే, "అరిచే తప్పు మంచిది, ఎక్కడుందో అదే చెబుతుంది. అరవని దానికి భయపడండి" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు.

అరవని తప్పు మొదటిసారి బరువుల లెక్కలో చూశాం. అయిదుగురు పిల్లల బరువులు తీసుకున్నాం. 36, 40, 38, 42 కిలోలు, అయిదో అమ్మాయి గడి ఖాళీ. డాక్టర్లు వచ్చిన రోజు ఆ పిల్ల అమ్మతో మిరపకోతకి పోయింది. ఖాళీ గడిని నల్ అంటారు. సగటు అడిగితే 39 అని వచ్చింది. నేను కాగితం మీద వేస్తే 156ని 5తో భాగిస్తే 31.2. ఏది నిజం? సార్ రెండూ కొట్టి చూపించారు. నల్ ఉంటే ఏవీజీ ఆ పిల్లని వదిలేసి నలుగురితోనే భాగిస్తుంది. సున్నా పెడితే అయిదుగురితో భాగిస్తుంది, కాని సున్నా కిలోల పిల్ల లోకంలో ఉండదు. రెండూ ఆ పిల్ల బరువు చెప్పలేదు. దానికి మందు ఫంక్షను కాదు, ఆ పిల్ల వచ్చాక త్రాసు మీద నిలబెట్టడమే. అప్పటిదాకా ఖాళీ ఎంతమందో పక్కన రాయాలి. కౌంట్ బ్రాకెట్లో నక్షత్రం పెడితే 5, బరువు గడి పేరు పెడితే 4. తేడా ఒకటి. ఆ ఒకటి మన స్నేహితురాలు.

ఇంకొక తమాషా. ఖాళీ గడులు వెతకాలంటే "ఈక్వల్ టు నల్" అని అడగకూడదు. అలా అడిగితే ఖాళీలు ఎన్ని ఉన్నా ఒక్కటీ చూపించదు, ఎర్రరూ ఇవ్వదు. "ఈజ్ నల్" అని అడగాలి. తెలియనిది తెలియనిదానికి సమానం అని ఎవరు చెప్పగలరు?

తర్వాత గ్రూప్ బై. ఒకే రకం వాటిని కుప్పలుగా వేసి లెక్కపెట్టడం. పుట్టినరోజుల మీద వేశాం. హాస్టల్లో 64 మందిలో 19 మంది ఒకే రోజున పుట్టాము! జూన్ 1. నేను కూడా. సార్ నవ్వలేదు. బడిలో వేసేటప్పుడు తేదీ తెలియక రాసిన తేదీ అది. అమ్మనడిగితే మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజుల్లో పుట్టావు అంటుంది. అంటే ఎండాకాలం ముందు. జూన్ అయితే కాదు. ఇదీ అరవని తప్పే. కంప్యూటర్‌కి జూన్ 1 చక్కని తేదీ.

జిల్లాల మీద వేస్తే మా పరిటాల రెండు జిల్లాల్లో వచ్చింది. కొందరికి కృష్ణా, కొందరికి ఎన్టీఆర్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, పాత వరుసలు మార్చలేదు. సోషల్ మేడం గారిని అడిగితే ఇది కొత్త కాదన్నారు. ఇంగ్లీషు వాళ్ల కాలంలో చుట్టూ ఉన్న ఊళ్లు వాళ్ల కృష్ణా జిల్లాలో ఉంటే, మధ్యలో పరిటాల మాత్రం నైజాం రాజ్యం లెక్కలో ఉండేదట. వజ్రాల గనులున్న ఊళ్లని నైజాం వదులుకోలేదట. 1948లో హైదరాబాదు రాజ్యం మన దేశంలో కలిసేదాకా అంతే. ఊరు ఎప్పుడూ కదల్లేదు, లెక్కే మారుతూ వచ్చింది.

జిల్లా సరిచేద్దామని మా బెంచి అమ్మాయి అప్‌డేట్ కొట్టింది. "వేర్" అని ఏ ఊరికో చెప్పడం మరిచిపోయింది. ఒక్క క్షణంలో పల్నాడు, బాపట్ల పిల్లలు కూడా ఎన్టీఆర్ జిల్లా వాళ్లయిపోయారు. ఒక్క ఎర్రరూ లేదు, 64 వరుసలు సరిపోలాయి అని బుద్ధిగా చెప్పింది. నకలు కాబట్టి సరిపోయింది. అందుకని ముందు సెలెక్ట్ కొట్టి ఏ వరుసలు వస్తాయో చూసుకుని, అప్పుడు అప్‌డేట్ కొట్టాలి. ఇంకా భద్రం కావాలంటే ముందుగా స్టార్ట్ ట్రాన్సాక్షన్ అని కొట్టాలి. తప్పు జరిగితే రోల్‌బ్యాక్ అంటే వెనక్కి వస్తుంది.

ఇప్పుడు దుప్పట్ల సంగతి.

రెండు టేబుళ్లని కలపడాన్ని జాయిన్ అంటారు. అది నేర్పడానికి సార్ హాస్టలు జాబితా, నిరుటి జాబితా తెచ్చారు. పేరు గడితో కలపమన్నారు. కలిపాం. 58 వరుసలు వచ్చాయి. ఎర్రర్ లేదు. అందరూ బాగుందన్నారు. నేను ఊరికే నా పేరు వెతుక్కున్నాను. లేదు.

నా చేతులు చల్లబడ్డాయి. డిసెంబరులో పిలవని పేరు ఇక్కడా లేదు. ఊరుకుందామనుకున్నాను. ఎందుకో మరి, లేచి నిలబడి, "సార్, 64 మందిమి కదా, 58 ఎందుకు వచ్చాయి" అన్నాను. సార్ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "లెఫ్ట్ జాయిన్ కొట్టు" అన్నారు. లెఫ్ట్ జాయిన్ అంటే ఎడమవైపు జాబితాలో ఉన్నవాళ్లందరినీ ఉంచుతుంది, కుడివైపు జత దొరకకపోతే నల్ పెడుతుంది. ఈజ్ నల్ అని అడిగాం. ఆరుగురం బయటపడ్డాం.

ఇద్దరి పేర్లకి ముందు ఒక ఖాళీ జాగా ఉంది, కంటికి కనపడదు. ట్రిమ్ వేస్తే వాళ్లు వచ్చారు, 60 అయింది. ముగ్గురి స్పెల్లింగులు వేరు. అందులో నేనొకదాన్ని. నా పేరు లక్ష్మి. ఇంగ్లీషులో ఒకచోట కె ఎస్ హెచ్ పెట్టి, ఇంకోచోట ఎక్స్ పెట్టి రాశారు. మా అమ్మ లచ్చీ అని పిలుస్తుంది. మనుషులకి ముగ్గురూ ఒకటే, కంప్యూటర్‌కి ముగ్గురూ వేరు. దీనికి ట్రిమ్ పనిచెయ్యదు. పేరుతో కాకుండా అడ్మిషన్ నంబరుతో కలిపితే 63 అయింది. మిగిలిన ఒక్కతి కొత్తగా చేరిన ఆరో తరగతి చెల్లి, నిరుటి జాబితాలో లేనే లేదు. లెఫ్ట్ జాయిన్ ఉంటేనే ఆ పిల్ల ఉంటుంది.

సార్ వార్డెన్ మేడం గారిని పిలిచారు. మేడం వచ్చి స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశారు. దుప్పట్ల జాబితా కూడా ఇలాగే రెండు జాబితాలు పేర్లతో కలిపి తీసిందేనట. 58 అని వచ్చింది, 58 కావాలని రాశారు, 58 వచ్చాయి. ఎవరూ దాచుకోలేదు, ఎవరూ కావాలని మమ్మల్ని తీసెయ్యలేదు. లెక్క అరవలేదు, అంతే. మేడం నావైపు తిరిగి "మరి నువ్వెందుకు మళ్లీ అడగలేదే?" అన్నారు. "జాబితాలో లేదన్నారు కదా మేడం" అన్నాను. మేడం ఇంకేమీ అనలేదు. నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లారు.

మా ఆరుగురికీ దుప్పట్లు ఫిబ్రవరిలో వచ్చాయి. అప్పటికి చలి పోయింది. అయినా ఆ రాత్రి అందరం మెడదాకా కప్పుకుని పడుకున్నాం, చెమటలు పట్టినా తియ్యలేదు.

మొన్న సెలవులకి పోయినప్పుడు అమ్మకి ఇదంతా చెప్పాను. అమ్మ గోడ మీది బొగ్గు గీతల వైపు చూసి, "అయితే పుస్తకం కూడా తప్పు చెబుద్దా?" అంది. చెబుద్దే అమ్మా, అరవకుండా చెబుద్ది అన్నాను. ఈసారి కోతలకి అమ్మ గీతల పక్కన నేను తేదీలు వేశాను. మేస్త్రి పుస్తకంలో కూడా ఏ రోజుకి ఆ రోజు పెట్టించుకోమని చెప్పాను. రెండు జాబితాలూ తేదీతో కలిపితే ఏ రోజు జారిపోయిందో దొరుకుతుంది. 18, 21 అని దెబ్బలాడక్కరలేదు.

చెల్లెళ్లూ, చివరగా నేను చెప్పేది మూడు మాటలు. మీ అడ్మిషన్ నంబరు కంఠతా పెట్టండి. మీ పేరు ఇంగ్లీషులో అన్నిచోట్లా ఒకేలాగ ఉందో లేదో చూసుకోండి. వచ్చే ఏడు మాకు పది, ఆ సర్టిఫికెట్లో ఎలా పడితే అలాగే ఉండిపోతుంది. జాబితాలో మీ పేరు లేకపోతే తప్పు మీదే అనుకోకండి, లేచి అడగండి. మన గడి ఖాళీగా ఉందంటే మనం లేమని కాదు. ఇంకా ఎవరూ సరిగా రాయలేదని.

తప్పులుంటే మన్నించగలరు. ఉన్నాయని గట్టిగా అరిచి చెప్పినా సంతోషమే.

ఇట్లు,
లక్ష్మి (స్పెల్లింగు అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నదే),
9వ తరగతి